ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షకు లినక్స్ సాధన: రీబూట్ తర్వాతా నిలిచేలా పని చేయడం ఎలా?

లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ సర్టిఫైడ్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్) పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలుండవు. వర్చువల్ మెషీన్లు ఇచ్చి, 3 గంటల్లో ఈ పనులు చేయండి అంటారు. మొత్తం 300 మార్కులు, పాస్ కావడానికి 210. ఇంటర్నెట్ ఉండదు. సిస్టమ్‌లో ఉన్న మాన్ పేజీలు (కమాండ్ల వివరణలు) మాత్రం ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఏ కమాండ్‌తో చేశారన్నది లెక్కలోకి రాదు, చివరికి మెషీన్ ఏ స్థితిలో ఉందన్నదే వస్తుంది. మెషీన్‌ను రీబూట్ చేశాక ఎవరూ చెయ్యి పెట్టకుండానే అన్నీ పనిచేయాలన్నది నియమం.

లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే ఎల్‌పీఐసీ-1 సర్టిఫికెట్ దారి వేరు. అందులో 101, 102 అని రెండు పరీక్షలు, ఒక్కోదానికి 90 నిమిషాల్లో 60 ప్రశ్నలు, 800కి 500 రావాలి. అక్కడ కమాండ్ల ఆప్షన్లు గుర్తుండాలి. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో చేతికి పని రావాలి. అమీర్‌పేటలో క్లాసులకు వెళ్లినా, ఇంట్లో వీడియోలు చూసినా, టెర్మినల్ ముందు కూర్చుని టైప్ చేసిన గంటలే ఈ పరీక్షలో అక్కరకొస్తాయి.

చిన్న గమనిక: కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాం.

ప్రతి పనికీ రెండు సగాలు

లినక్స్‌లో అడ్మిన్ చేసే దాదాపు ప్రతి మార్పుకూ రెండు సగాలుంటాయి. ఒకటి ఇప్పుడు నడుస్తున్న సిస్టమ్‌లో జరిగే మార్పు, రెండోది వచ్చే బూట్ కోసం డిస్క్ మీద రాసిపెట్టే మార్పు. ఫెయిలయ్యేవాళ్లలో చాలామందికి కమాండ్లు తెలియక కాదు, ఏ కమాండ్ ఏ సగం చేస్తుందో తెలియక మార్కులు పోతాయి.

'మౌంట్' (డిస్క్ భాగాన్ని ఒక డైరెక్టరీకి తగిలించే కమాండ్) ఇప్పటికి మాత్రమే. రేపటికి /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైన్ ఉండాలి. సర్వీసులకు 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' ఇప్పటికి, 'ఎనేబుల్' రేపటికి. 'ఎనేబుల్ --నౌ' అంటే రెండూ ఒకేసారి అవుతాయి కాబట్టి దాన్నే అలవాటు చేసుకోండి. నెట్‌వర్క్ అడ్రెస్‌కు 'ఐపీ అడ్రెస్ యాడ్' ఇప్పటికి, 'ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై' రేపటికి. ఫైర్‌వాల్ రూల్‌కు '--పర్మనెంట్' పెడితే రేపటికి మాత్రమే రాస్తుంది, ఇప్పుడు అమల్లోకి రావాలంటే '--రీలోడ్' కావాలి. ఎస్‌ఈలినక్స్‌లో (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ను, పోర్ట్‌ను తాకవచ్చో నిర్ణయించే భద్రతా పొర) 'సెట్‌ఎస్‌ఈబూల్' ఇప్పటికి, దానికే పెద్ద పీ ఆప్షన్ చేరిస్తే రెండింటికీ. 'సెట్‌ఎన్‌ఫోర్స్' ఇప్పటికి, /ఈటీసీ/ఎస్‌ఈలినక్స్/కాన్ఫిగ్ రేపటికి.

కొత్త కమాండ్ నేర్చుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి: ఇది ఏ ఫైల్‌లో రాస్తోంది? ఏ ఫైల్‌లోనూ రాయకపోతే పని సగమే అయినట్టు.

ల్యాబ్ సిద్ధం చేసుకోవడం

ముందు మీ పరీక్ష ఏ వెర్షన్‌దో చూసుకోండి. ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్) 9 మీద కంటెయినర్లు (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలు) సిలబస్‌లో ఉన్నాయి. ఆర్‌హెచ్‌ఈఎల్ 10లో వాటి బదులు ఫ్లాట్‌ప్యాక్ (యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే ఒక పద్ధతి) వచ్చింది. పాత నోట్సు పట్టుకుని కొత్త పరీక్షకు వెళ్లకూడదు.

వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో, ఆర్‌హెచ్‌ఈఎల్ లాంటివే అయిన రాకీ లినక్స్ లేదా ఆల్మాలినక్స్ చాలు. రెడ్ హ్యాట్ డెవలపర్ ఖాతా తెరిస్తే అసలు ఆర్‌హెచ్‌ఈఎల్ కూడా ఉచితంగానే దొరుకుతుంది. రెండు మెషీన్లు పెట్టుకోండి: ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్, 20 జీబీ ప్రధాన డిస్క్. మొదటి మెషీన్‌కు అదనంగా 5 జీబీ డిస్కులు రెండు తగిలించండి, స్టోరేజ్ సాధన అంతా వాటి మీదే. రెండో మెషీన్ ఎందుకంటే, ఫైర్‌వాల్ తెరిచారో లేదో అదే మెషీన్ నుంచి పరీక్షిస్తే తెలియదు.

వెర్షన్ 9కి ఎక్స్86-64-వీ2 స్థాయి ప్రాసెసర్, వెర్షన్ 10కి వీ3 స్థాయి కావాలి. పాత ల్యాప్‌టాప్‌లో వెర్షన్ 10 ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఆగిపోతే కారణం చాలావరకు ఇదే. ఆల్మాలినక్స్ 10కి వీ2 బిల్డ్ విడిగా ఉంది, అది వాడుకోవచ్చు. ఇన్‌స్టాల్ పూర్తవగానే స్నాప్‌షాట్ తీయండి. చెడగొట్టి వెనక్కి వచ్చే వీలుంటేనే ధైర్యంగా సాధన చేయగలరు.

రూట్ పాస్‌వర్డ్ మార్చడం

రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. దాని పాస్‌వర్డ్ తెలియని మెషీన్ ఇస్తే, ఇది రాకపోతే లోపలికే వెళ్లలేరు, ఆ మెషీన్ మీది పనులన్నీ పోతాయి. కళ్లు మూసుకుని చేయగలిగేంత వరకు సాధన చేయండి.

1. బూట్ మొదలై గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో ఎంచుకునే తెర) రాగానే బాణం మీట నొక్కి ఆపండి, తర్వాత 'ఈ' నొక్కండి.
2. 'లినక్స్' అని మొదలయ్యే లైన్ చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి 'ఆర్‌డీ.బ్రేక్' అని చేర్చండి. కంట్రోల్+ఎక్స్ నొక్కండి.
3. ప్రాంప్ట్ వచ్చాక: 'మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /సిస్‌రూట్'
4. 'సీహెచ్‌రూట్ /సిస్‌రూట్'
5. 'పాస్‌డబ్ల్యూడీ రూట్', కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు.
6. 'టచ్ /.ఆటోరీలేబుల్'
7. 'ఎగ్జిట్' రెండుసార్లు.

ఎక్కువమంది మరిచిపోయేది ఆరో మెట్టు. ఆ దశలో ఎస్‌ఈలినక్స్ పాలసీ ఇంకా లోడ్ కాలేదు, కాబట్టి పాస్‌వర్డ్‌లుండే, కొత్తగా రాసిన /ఈటీసీ/షాడో ఫైల్‌కు సరైన లేబుల్ (ఎస్‌ఈలినక్స్ చూసే గుర్తు) పడదు. లేబుల్ సరిచేయకుండా బూట్ చేస్తే, పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా లాగిన్ కానివ్వదు. ఆటోరీలేబుల్ ఫైల్ ఉంటే సిస్టమ్ అన్ని ఫైళ్లకూ లేబుళ్లు వేసి, తనే మరోసారి రీబూట్ అవుతుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి మధ్యలో పవర్ ఆపొద్దు.

కొన్ని ఇమేజ్‌లలో ఆర్‌డీ.బ్రేక్ పెట్టినా రూట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు దాని బదులు 'ఇనిట్=/బిన్/బ్యాష్' అని చేర్చండి. ఈ దారిలో సీహెచ్‌రూట్ అక్కర్లేదు, '/'నే రీమౌంట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆటోరీలేబుల్ ఫైల్ పెట్టి, 'ఎగ్జెక్ /ఎస్‌బిన్/ఇనిట్' కొట్టాలి. రెండు దారులూ వచ్చి ఉండాలి.

నెట్‌వర్క్, రిపోలు

నెట్‌వర్క్ పని మొదట్లోనే పూర్తి చేయండి, మిగతావి దాని మీదే ఆధారపడతాయి. 'ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ షో'తో కనెక్షన్ పేరు చూసి, మాడిఫై కమాండ్‌లో నాలుగు విలువలివ్వాలి: ఐపీవీ4.అడ్రెసెస్, ఐపీవీ4.గేట్‌వే, ఐపీవీ4.డీఎన్ఎస్, ఐపీవీ4.మెథడ్. అడ్రెస్ పక్కన /24 లాంటి ప్రిఫిక్స్ తప్పనిసరి. వదిలేస్తే /32 అనుకుంటుంది, గేట్‌వే అందదు. మెథడ్‌ను 'మాన్యువల్' చేయకపోతే మీరిచ్చిన అడ్రెస్‌తో పాటు డీహెచ్‌సీపీ (అడ్రెస్‌లు తనంతట తానే పంచే సేవ) నుంచి ఇంకొకటి కూడా వచ్చి చేరుతుంది. తర్వాత 'ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ అప్'. అది చేసేదాకా మార్పు ఫైల్‌లోనే ఉంటుంది. హోస్ట్‌నేమ్‌కు 'హోస్ట్‌నేమ్‌సీటీఎల్' వాడండి.

రిపోకు (ప్యాకేజీలు తెచ్చుకునే చోటు) /ఈటీసీ/యమ్.రిపోస్.డీ కింద ఒక ఫైల్ రాయాలి. దాని పేరు తప్పకుండా '.రిపో'తో ముగియాలి. ఒక్కో రిపోకు చదరపు బ్రాకెట్లలో గుర్తింపు పేరు, ఆ కింద నేమ్, బేస్‌యూఆర్‌ఎల్, ఎనేబుల్డ్=1, జీపీజీచెక్=0 లైన్లు. బేస్‌ఓఎస్, యాప్‌స్ట్రీమ్ రెండూ కావాలి. ఇంట్లో డీవీడీ ఇమేజ్‌ను మౌంట్ చేసి సాధన చేస్తుంటే యూఆర్‌ఎల్ 'ఫైల్:///' అని మొదలవుతుంది, గీతలు మూడు. 'డీఎన్‌ఎఫ్ రిపోలిస్ట్'లో పేరు కనిపించినంత మాత్రాన రిపో పనిచేస్తున్నట్టు కాదు, అది ఫైల్‌ను చదివిందంతే. ఏదో ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి చూడండి.

యూజర్లు, పర్మిషన్లు

ఉన్న యూజర్‌ను అదనపు గ్రూప్‌లో చేర్చాలంటే 'యూజర్‌మాడ్ -ఏజీ', ఇందులో జీ పెద్ద అక్షరం. ఏ వదిలేసి జీ ఒక్కటే పెడితే ఆ యూజర్ అంతకుముందున్న అదనపు గ్రూపులన్నిటిలోంచీ బయటికి వస్తాడు. అడ్మిన్ల గ్రూప్ అయిన వీల్‌లోంచి అలా తప్పిస్తే సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడిపే వీలు) పోతుంది. పాస్‌వర్డ్ గడువు విషయంలోనూ ఒక చిక్కుంది. /ఈటీసీ/లాగిన్.డెఫ్స్‌లో పాస్_మ్యాక్స్_డేస్ (అన్నీ పెద్ద అక్షరాలు) మారిస్తే ఇకపై సృష్టించే యూజర్లకే వర్తిస్తుంది. ఇప్పటికే ఉన్నవాళ్లకు 'సీహెచ్‌ఏజ్' పెద్ద ఎం ఆప్షన్‌తో ఒక్కొక్కరికీ పెట్టాలి. కాబట్టి డిఫాల్ట్ మార్చమని ప్రశ్న ఉంటే, యూజర్లను సృష్టించే ప్రశ్నకంటే ముందు దాన్ని చేయాలా అన్నది చదివి తేల్చుకోండి.

గ్రూప్ అంతా కలిసి పనిచేసే డైరెక్టరీ ప్రశ్న తరచుగా సాధన చేయాల్సినది. డైరెక్టరీ సృష్టించి, 'సీహెచ్‌జీఆర్‌పీ'తో గ్రూప్‌కు ఇచ్చి, 'సీహెచ్‌మాడ్ 2770' కొట్టాలి. ముందున్న 2 సెట్‌జీఐడీ బిట్. దాని వల్ల లోపల ఎవరు ఫైల్ సృష్టించినా దాని గ్రూప్ డైరెక్టరీదే అవుతుంది. సీహెచ్‌మాడ్ ముందు చేసి గ్రూప్ తర్వాత మారిస్తే బిట్ పోలేదుగా అని ఒకసారి 'ఎల్ఎస్ -ఎల్‌డీ'తో చూసుకోండి. గ్రూప్ స్థానంలో చిన్న ఎస్ కనిపించాలి. పెద్ద ఎస్ కనిపిస్తే గ్రూప్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేదని అర్థం, వాళ్లు లోపలికే వెళ్లలేరు.

స్టోరేజ్: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

మెషీన్ బూట్ కాకుండా చేయగల తప్పు ఎక్కువగా ఈ విభాగంలోనే జరుగుతుంది. బూట్ కాని మెషీన్ మీద సరిగ్గా చేసిన పనులకూ మార్కులు రావు.

ఎల్‌వీఎం డిస్క్ స్థలాన్ని వాల్యూమ్ గ్రూప్‌గా కలిపి, ఎక్స్‌టెంట్లు అనే సమాన ముక్కల లెక్కన వాల్యూమ్‌లుగా పంచుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం: ఎక్స్‌టెంట్ సైజు 16 ఎంబీతో 'డేటావీజీ' అనే వాల్యూమ్ గ్రూప్, అందులో 50 ఎక్స్‌టెంట్లతో 'డేటాఎల్‌వీ', ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫార్మాట్, /డేటా దగ్గర శాశ్వతంగా మౌంట్.

ముందు లెక్క. 50 × 16 = 800 ఎంబీ. సరిగ్గా 800 ఎంబీ పార్టిషన్ చేస్తే సరిపోదు. ఎల్‌వీఎం తన మెటాడేటాకు మొదట్లో 1 ఎంబీ ఉంచుకుంటుంది, మిగిలిన 799లో పూర్తి ఎక్స్‌టెంట్లు 49 మాత్రమే వస్తాయి. అందుకని 1 జీబీ పార్టిషన్ చేయండి, 63 ఎక్స్‌టెంట్లు వస్తాయి.

'ఎల్‌ఎస్‌బీఎల్‌కే'తో ఖాళీ డిస్క్ ఏదో చూడండి, ఎస్‌డీబీ అనుకుందాం. 'ఎఫ్‌డిస్క్ /డెవ్/ఎస్‌డీబీ'లో ఎన్ నొక్కి, పరిమాణం అడిగినచోట +1జీ ఇచ్చి, డబ్ల్యూతో రాయండి. ఆ తర్వాత వరుసగా:

'పీవీక్రియేట్ /డెవ్/ఎస్‌డీబీ1'
'వీజీక్రియేట్ -ఎస్ 16ఎం డేటావీజీ /డెవ్/ఎస్‌డీబీ1'
'ఎల్‌వీక్రియేట్ -ఎల్ 50 -ఎన్ డేటాఎల్‌వీ డేటావీజీ'
'ఎంకేఎఫ్‌ఎస్.ఎక్స్‌ఎఫ్‌ఎస్ /డెవ్/డేటావీజీ/డేటాఎల్‌వీ'
'ఎంకేడీఐఆర్ /డేటా'

మూడో కమాండ్‌లో ఎల్ చిన్న అక్షరమే, అంటే ఎక్స్‌టెంట్ల సంఖ్య. పెద్ద ఎల్ పెడితే 50 అంటే 50 ఎంబీ అని తీసుకుంటుంది. ఎక్స్‌టెంట్ 16 కాబట్టి దాన్ని 64కు పెంచి, తప్పు చెప్పకుండా సృష్టిస్తుంది. ఏ ఎర్రరూ రాదు కాబట్టి చాలామంది గమనించరు. 'ఎల్‌వీఎస్' కొట్టి పరిమాణం చూశాకే ఫార్మాట్ చేయండి. కొత్త వెర్షన్లలో 300 ఎంబీ కంటే చిన్న వాల్యూమ్‌ను ఎక్స్‌ఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయనివ్వదు, ఇంట్లో చిన్న చిన్న వాల్యూమ్‌లతో సాధన చేసేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైన్‌లో ఆరు భాగాలుంటాయి: డివైస్, మౌంట్ చేసే చోటు, ఫైల్‌సిస్టమ్ రకం, ఆప్షన్లు, 0, 0. మామూలు పార్టిషన్‌కు యూయూఐడీ (దానికి మాత్రమే ఉండే గుర్తింపు కోడ్) వాడాలి. డిస్కులు మారితే ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ కావచ్చు. ఎల్‌వీఎం వాల్యూమ్‌కు మాత్రం /డెవ్/డేటావీజీ/డేటాఎల్‌వీ అన్న దారి మారదు, అదే రాయవచ్చు. యూయూఐడీని చేత్తో టైప్ చేయొద్దు. 'బీఎల్‌కేఐడీ' ఇచ్చిన జవాబును '>>'తో ఫైల్ చివరికి చేర్చి, తర్వాత విమ్ ఎడిటర్‌లో సర్దుకోండి. అక్కడ ఒక్క '>' పెడితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ముందుగా ఆ ఫైల్‌కు కాపీ తీసిపెట్టుకోండి.

సేవ్ చేశాక 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్', 'ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై', 'మౌంట్ -ఏ' మూడూ కొట్టాలి. తప్పులేమీ చూపకపోతేనే రీబూట్.

అయినా బూట్ దగ్గర ఆగితే? తప్పు యూయూఐడీ ఉంటే సిస్టమ్ ఆ డివైస్ కోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తుంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి, అవసరమైతే '/'ను ఆర్‌డబ్ల్యూగా రీమౌంట్ చేసి, తప్పు లైన్ ముందు # పెట్టి రీబూట్ చేయండి. ఇంట్లో కావాలనే ఒక అక్షరం తప్పు రాసి, ఈ దారిని నాలుగైదుసార్లు నడవండి.

వాల్యూమ్ పెంచడానికి 'ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్' వాడండి. ఆ ఆర్ లేకపోతే వాల్యూమ్ పెరుగుతుంది కానీ లోపలి ఫైల్‌సిస్టమ్ పెరగదు. అప్పుడు ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే 'ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్'కు మౌంట్ అయిన డైరెక్టరీని, ఈఎక్స్‌టీ4 అయితే 'రీసైజ్2ఎఫ్‌ఎస్'కు డివైస్‌ను ఇవ్వాలి. పరిమాణం '+300ఎం' అంటే ఇంకో 300 చేర్చమని, '300ఎం' అంటే మొత్తం 300కు తెమ్మని. ప్రశ్నలో ఏది అడిగారో నిదానంగా చదవండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను తగ్గించడం కుదరదు.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) త్వరగా అయిపోతుంది: 'ఎంకేస్వాప్', ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మౌంట్ చోటు స్థానంలో 'నన్', రకం 'స్వాప్', ఆపై 'స్వాప్‌ఆన్ -ఏ'. పాత స్వాప్‌ను కదపొద్దు.

ఎస్‌ఈలినక్స్, ఫైర్‌వాల్: ఒకే ప్రశ్నలో నాలుగు తలుపులు

వెబ్ సర్వర్‌ను పోర్ట్ 82 మీద నడపాలి, బయటినుంచి పేజీ కనిపించాలి. ఇలాంటి పనిలో సర్వీస్, ఫైల్ పర్మిషన్, ఎస్‌ఈలినక్స్, ఫైర్‌వాల్ నాలుగూ సరిగ్గా ఉండాలి. ఈ వరుసలోనే చూసుకుంటూ వెళ్తే ఎక్కడ ఆగిందో దొరుకుతుంది.

వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ హెచ్‌టీటీపీడీ కాన్ఫిగ్‌లో 'లిజన్ 82' పెట్టి స్టార్ట్ చేస్తే ఫెయిల్ అవుతుంది. 'జర్నల్‌సీటీఎల్ -ఎక్స్ఈయూ హెచ్‌టీటీపీడీ'లో పోర్ట్‌కు బైండ్ కాలేకపోయానని, పర్మిషన్ డినైడ్ అని ఉంటుంది. రూట్‌గా మొదలయ్యే సర్వీస్‌కు పర్మిషన్ లేదంటోందంటే అనుమానం ముందు ఎస్‌ఈలినక్స్ మీదికి వెళ్లాలి. 'ఎస్‌ఈమేనేజ్ పోర్ట్ -ఎల్' జాబితాలో హెచ్‌టీటీపీ_పోర్ట్_టీ దగ్గర 80, 81, 443 వంటివి ఉంటాయి, 82 ఉండదు. దాన్ని చేర్చాలి:

'ఎస్‌ఈమేనేజ్ పోర్ట్ -ఏ -టీ హెచ్‌టీటీపీ_పోర్ట్_టీ -పీ టీసీపీ 82'

ఎస్‌ఈమేనేజ్ కమాండే లేదంటే పాలసీకోర్‌యుటిల్స్-పైథాన్-యుటిల్స్ ప్యాకేజీ పెట్టుకోవాలి. ఇదంతా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. 'మాన్ ఎస్‌ఈమేనేజ్-పోర్ట్', 'మాన్ ఎస్‌ఈమేనేజ్-ఎఫ్‌కాంటెక్స్ట్' పేజీల చివర్లో ఉదాహరణలున్నాయి, సంఖ్య, దారి మార్చుకుంటే చాలు. నెట్‌వర్క్‌కు 'మాన్ ఎన్‌ఎంసీఎల్‌ఐ-ఎగ్జాంపుల్స్' కూడా అలాంటిదే. ఏ పనికి ఏ పేజీ అన్నది తెలిసి ఉండటమే సగం బలం. పేజీలు వెతికే 'మాన్ -కే' ఏమీ చూపకపోతే ముందు 'మాన్‌డీబీ' ఒకసారి నడపండి.

ఇప్పుడు సర్వీస్ లేస్తుంది, ఎనేబుల్ చేయండి. 'కర్ల్'తో అదే మెషీన్ నుంచి పేజీ వస్తుంది. రెండో మెషీన్ నుంచి మాత్రం 'నో రూట్ టు హోస్ట్' అంటుంది. ఈ మాట చూసి నెట్‌వర్క్ చెడిందనుకుని గేట్‌వే మార్చడం మొదలుపెడతారు. పింగ్ వెళ్తోందంటే నెట్‌వర్క్ బాగానే ఉంది, తిప్పి పంపుతున్నది ఫైర్‌వాల్. 'ఫైర్‌వాల్-సీఎండీ --పర్మనెంట్ --యాడ్-పోర్ట్=82/టీసీపీ', ఆపై '--రీలోడ్'.

పేజీ బదులు 403 (అనుమతి లేదు) వస్తే ఫైళ్ల పర్మిషన్లు చూసి, తర్వాత 'ఎల్ఎస్' పెద్ద జెడ్ ఆప్షన్‌తో లేబుళ్లు చూడండి. హోమ్ డైరెక్టరీ నుంచి 'ఎంవీ'తో తరలించిన ఫైల్ పాత లేబుల్‌నే వెంట తెచ్చుకుంటుంది. 'సీపీ'తో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది. /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కింద ఉన్నవాటికి 'రిస్టోర్‌కాన్' పెద్ద ఆర్, చిన్న వీ ఆప్షన్లతో చాలు. /వెబ్ లాంటి కొత్త డైరెక్టరీ అయితే ముందు ఎస్‌ఈమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో నియమం రాసి, తర్వాత రిస్టోర్‌కాన్ నడపాలి. 'సీహెచ్‌కాన్' వెంటనే పనిచేస్తుంది, రీలేబుల్ జరిగితే ఎగిరిపోతుంది. అందుకని దాన్ని నేర్చుకోకపోయినా నష్టం లేదు.

అనుమానం తీర్చుకోవడానికి 'సెట్‌ఎన్‌ఫోర్స్ 0' పెట్టి చూడటం తప్పు కాదు. పని జరిగితే సమస్య ఎస్‌ఈలినక్స్‌దే అని తేలుతుంది. చూసిన వెంటనే 1కి తిప్పేయండి.

షెడ్యూలింగ్, కంటెయినర్లు

నిర్ణీత సమయానికి పనులు నడిపే క్రాన్ లైన్‌లో ఐదు స్థానాలు: నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు. తేదీ, వారం రెండూ ఇస్తే రెండూ కలిసిన రోజు మాత్రమే కాదు, ఏదో ఒకటి కుదిరిన ప్రతిరోజూ నడుస్తుంది. క్రాన్‌లో పాత్ (కమాండ్లను వెతికే డైరెక్టరీల జాబితా) చిన్నది, కాబట్టి కమాండ్‌కు పూర్తి దారి ఇవ్వండి. % గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే అక్కడితో కమాండ్ తెగిపోతుంది. తేదీ పేరుతో బ్యాకప్ తీసే లైన్లు టెర్మినల్‌లో పనిచేసి క్రాన్‌లో పనిచేయకపోవడానికి కారణం ఇదే. మరో యూజర్ పేర పెట్టాలంటే 'క్రాన్‌ట్యాబ్ -ఈ -యూ' తర్వాత అతని పేరు.

వెర్షన్ 9 రాసేవాళ్లు పాడ్‌మ్యాన్ కంటెయినర్‌ను మామూలు యూజర్‌తో నడిపేటప్పుడు 'ఎస్‌యూ'తో ఆ యూజర్‌లోకి వెళ్లకుండా ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ కండి. ఎస్‌యూతో వెళ్తే సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ బస్‌కు కనెక్ట్ కాలేనంటుంది. ఎవరూ లాగిన్ కాకుండానే కంటెయినర్ లేవాలంటే 'లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్' కావాలి.

పరీక్ష గంటలు

మొదటి 10 నిమిషాలు ఏమీ టైప్ చేయకుండా ప్రశ్నలన్నీ చదవండి. ఏ పని ఏ మెషీన్‌లోనో చూసుకోండి, సరైన పనిని వేరే మెషీన్‌లో చేస్తే సున్నా. పాస్‌వర్డ్, నెట్‌వర్క్, రిపో ముందు. తర్వాత యూజర్లు, క్రాన్ లాంటి చిన్నవి. స్టోరేజ్ పనులు సమయం సగం దాటకముందే మొదలుపెట్టాలి, చివరి అరగంటకు వదలొద్దు.

స్టోరేజ్ ముగియగానే ఒకసారి, పరీక్ష ముగియడానికి అరగంట ముందు ఇంకోసారి రీబూట్ చేయండి. మధ్యలో రీబూట్ చేస్తే తప్పు ఎక్కడుందో వెతకడం తేలిక, చివర్లో ఒకేసారి చేస్తే ఏ లైన్ వల్ల ఆగిందో పోల్చుకోవడం కష్టం. రెండోసారి లేచాక 'డీఎఫ్ -హెచ్', 'స్వాప్‌ఆన్ --షో', 'గెట్‌ఎన్‌ఫోర్స్', 'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్', 'ఫైర్‌వాల్-సీఎండీ --లిస్ట్-ఆల్', 'ఐపీ ఏ' వరుసగా కొట్టి ప్రశ్నలతో పోల్చుకోండి. ఆ తర్వాత మిగిలిన సమయంలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌ను మళ్లీ తెరిచారంటే మళ్లీ రీబూట్ చేయాల్సిందే. అంత సమయం లేకపోతే ఆ ఫైల్ జోలికి వెళ్లొద్దు.